సుద్ద మాత్ర

ఖోన్‌కేన్, నర్సుల క్వార్టర్స్
జూన్ 9

లందువన్ అక్కకు,

నిన్న ఆసుపత్రి వరండాలో నన్ను పక్కకు లాగి అడిగావే, దానికి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. నువ్వు నా చెయ్యి వదల్లేదు, నేను నీ ముఖంలోకి చూడలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీ చెక్కగోడల ఇంట్లో బావ చెవిన పడని మాట ఉండదు. నెలకోసారి మీ ఊరికి వచ్చే మా మందుల వ్యాను డ్రైవరు ఉత్తరాలు అందిస్తానన్నాడు. నీ జవాబు కూడా అతనికే ఇవ్వు.

బావకు నిజం మాత్రల సీసా వచ్చేలా చూడమన్నావు. అక్కా, ఏ సీసాలో ఏముందో నాకు తెలియదు. డాక్టర్లకూ తెలియదు. సీసా మీద నంబరు ఒక్కటే ఉంటుంది. ఆ నంబర్ల జాబితా బ్యాంకాక్‌లో ఎవరి బీరువాలోనో ఉంది. పరిశోధన ముగిసేదాకా దాన్ని ఎవరూ తెరవరు.

డాక్టరమ్మ చెప్పేటప్పుడు నువ్వు ఏడుస్తూ ఉన్నావు, ఏమీ విని ఉండవు. మళ్లీ రాస్తాను, నిదానంగా చదువు. తోంగ్లా బావకూ, ఆయన ప్రాణస్నేహితుడు, సియావ్ కంఫాన్‌కూ పిత్తనాళంలో పుట్టిన గడ్డను కోసి తీసేశారు. ఇద్దరికీ కాలేయంలో ఒక ముక్క పోయింది. ఇది చాలామందికి మళ్లీ వస్తుంది. అలా పెరగకుండా, పక్కకు పాకకుండా పట్టి ఉంచడానికి ఇప్పటికే ఉన్న మందేదైనా పనికొస్తుందా అని చూస్తున్నాం. కొత్త మందేమీ కాదు, మన అమ్మమ్మ ఇరవై ఏళ్లు మింగిన షుగరు మాత్రే. అది వాడేవాళ్లలో క్యాన్సర్ కాస్త నెమ్మదిగా నడుస్తోందని ఎవరికో అనుమానం వచ్చింది. అది నిజమో కాదో తేలాలంటే సగం మందికి ఆ మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇచ్చి చూడాలి. అంతకన్నా దారి లేదు.

ఒకవేళ నాకు తెలిసినా నువ్వడిగింది చెయ్యను. ఈ మాట రాయడానికి అరగంట పట్టింది.

మొదటి సీసాలు ఇరవయ్యో తారీఖున వ్యానులో వస్తాయి. రోజుకు రెండు, అన్నం తిన్నాక. మిగిలినవి పారేయొద్దు, నెలాఖరున లెక్కపెడతాం. ఇంకో మాట. పచ్చి చేపతో చేసే కోయ్ జోలికి పోవద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పు. వాళ్ల కడుపులోకి ఈ గడ్డకు మూలమైన పురుగు చేరింది ఆ పళ్లెంలోంచే.

నీ చెల్లి
చవీవన్


నోంగ్‌పై, చీ నది ఒడ్డు
జూలై 4

చవీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది, రెండోసారి ఏడుపొచ్చింది. నీకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు పదిరోజులు నీ పక్కన కూర్చుని నోట్లో గంజి పోసింది నేను. ఇప్పుడు ఆ మాట ఎత్తడం బాగోదని తెలుసు. తెలిసే ఎత్తుతున్నాను. నాకున్నది ఒక్క మొగుడు. నువ్వు అదే ఆసుపత్రిలో, అదే మందుల గదిలో పనిచేస్తున్నావు. ఇంతదానికి నువ్వు అక్కరకు రాకపోతే ఇంకెవరొస్తారు?

సరే, రావు. తెలిసింది.

ఇక్కడ మీ మాత్రలకు అప్పుడే పేర్లు పెట్టేశారు. నిజందాన్ని షుగరు మాత్ర అంటున్నారు, ఉత్తదాన్ని సుద్ద మాత్ర అంటున్నారు. కంఫాన్ అయితే అరుగు మీద కూర్చుని ఆ పాత మాత్రల సీసా చూపిస్తూ, "దున్నడం చేతగాని ముసలి ఎద్దును తీసుకెళ్లి పందేనికి కట్టారు రా, చూద్దాం గెలుస్తుందేమో" అని అందర్నీ నవ్విస్తున్నాడు. కుట్లు ఇంకా ఆరలేదు, ఎకసెక్కాలకు తక్కువ లేదు. మీ బావ మాత్రం రోజూ పొద్దున బుద్ధుడి పటం ముందు సీసా పెట్టి దణ్ణం పెట్టుకుని మింగుతున్నాడు. ఎలా ఉందంటే, "మంచినీళ్లు తాగినట్టుంది" అంటాడు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. మంచినీళ్లలా ఉంటే అది మందు ఎలా అవుతుంది?

పచ్చి చేప సంగతి నాకు చెబుతావేం, ఆ ఇద్దరికీ చెప్పు. ఏడేళ్ల వయసులో పెద్దలు ఇద్దరి మణికట్లకూ దారాలు కట్టి సియావ్‌లను చేశారు. అప్పటినుంచి ఒకడి పళ్లెంలో చెయ్యి పెట్టకుండా ఇంకొకడు తినలేదు. యాభై ఏళ్లు ఒకే పళ్లెంలో పచ్చి చేప తిన్నారు, ఒకే రోగం తెచ్చుకున్నారు. ఇప్పుడు నేనూ పయోమూ ఇద్దరికీ బొప్పాయి చారు కాచిపెడుతున్నాం. కంఫాన్ పెళ్లాం అని కాదు గానీ పయోమ్ మంచి మనిషి. నాలా నోరు చేసుకోదు.

నాట్లు సగం అయ్యాయి. ఈసారి ఇద్దరి పొలాలూ మేమిద్దరం ఆడవాళ్లమే వేస్తున్నాం. నడుం విరిగిపోతోంది.

అక్క


ఖోన్‌కేన్
జూలై 31

అక్కకు,

కోపంగా రాసినా రాశావు, అది చాలు. రాయవేమో అనుకున్నాను.

ఈ నెల వార్డులో చాలా కష్టంగా ఉంది. మనూరి లాంటి ఊళ్ల నుంచే వస్తున్నారు అందరూ. కళ్లు పసుపచ్చగా, చర్మం గోక్కుని గోక్కుని రక్తాలు. చాలామందిని కోయడానికి కూడా వేళ మించిపోయింది. పోయిన వారం ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "పురుగుల మాత్ర ఏడాదికోసారి మింగుతూనే ఉన్నా కదమ్మా, మరెందుకొచ్చింది?" ఆ మాత్ర ఉందన్న ధైర్యంతోనే మళ్లీ మళ్లీ పచ్చి చేప తిన్నాడు. దిండు సర్ది వచ్చేశాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత అలసట ఎప్పుడూ లేదు.

మంచినీళ్లలా ఉందన్నంత మాత్రాన సుద్ద మాత్ర అనుకోకు. షుగరు మాత్రతో కొందరికి మొదట్లో విరేచనాలవుతాయి, నోట్లో ఇనుము నాకినట్టు రుచి వస్తుంది. ఆ సంగతి మొదటి రోజే డాక్టరమ్మ అందరికీ చెప్పింది. కొందరికి ఏమీ కాదు కూడా. దాన్ని బట్టి ఊహించొద్దని మాకు నేర్పారు, నీకూ అదే చెబుతున్నాను.

నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టుకో. పయోమ్‌కు కూడా చెప్పు.

చవీ


నోంగ్‌పై
ఆగస్టు 29

నా బంగారు చెల్లీ,

ఇనుము! ఇనుము రుచి!

నీ ఉత్తరం అందిన రోజునే మీ బావ అన్నం పళ్లెం పక్కకు నెట్టి, "ఈ చెంచా తుప్పు పట్టిందేమో చూడవే" అన్నాడు. చెంచా కొత్తది. ఆపైన రెండు రోజులు పెరటికీ ఇంటికీ తిరగడమే పని. ఏ ఆడదైనా మొగుడి విరేచనాలకు ఇంత సంతోషించి ఉంటుందా? గుడికి వెళ్లి తామరపూలు పెట్టి వచ్చాను. గుళ్లో భిక్షువుగారు ఏమిటమ్మా విశేషం అంటే చెప్పడానికి సిగ్గేసింది.

నువ్వు ఊహించొద్దన్నావు. నువ్వు ఊహించకు, అది నీ ఉద్యోగం. నేను నర్సును కాను, భార్యను. ఆయనది నిజం సీసా, నాకు తెలిసిపోయింది. నిన్ను అడిగి ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోకు.

కంఫాన్‌ను తలుచుకుంటే జాలేస్తోంది. అతను ఇనుము ఊసు ఎత్తలేదు, నేనూ అడగలేదు. పయోమ్ ముఖంలోకి చూడాలంటే తప్పు చేసినట్టుంది.

ఎండుచేపల పొడి పంపుతున్నాను. బాగా వేయించిందే, భయపడకు.

అక్క


ఖోన్‌కేన్
అక్టోబర్ 24

అక్కకు,

నీ సంతోషం మీద నీళ్లు పోయాలని లేదు. అయినా నువ్వు చెప్పిన దాన్ని నేను నమ్మనూ లేను, కాదనలేను కూడా. మందుల గదిలో కూర్చుని దీని గురించి ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను.

ఒక మంచి మాట చెప్పనా? నెలాఖరున సీసాలు వెనక్కి వచ్చినప్పుడు అన్ని ఊళ్ల లెక్కా తప్పుతుంది. ఒకరు మరిచిపోయామంటారు, ఒకరు కోడి తన్నేసిందంటారు, ఒకావిడ మొగుడి మాత్రలు అత్తగారికి కూడా వేసింది. మీ ఊరి రెండు సీసాల లెక్క మాత్రం ఒక్క మాత్ర తేడా లేకుండా వస్తోంది. బావదీ, కంఫాన్‌దీ. డాక్టరమ్మ మీటింగులో ఆ మాట చెప్పి అందరికీ చూపించింది. నాకు గర్వంగా అనిపించింది, అది మా అక్క ఊరని చెప్పుకున్నాను.

ఇద్దరి స్కానుల్లోనూ ఏమీ లేదు. దీని తరువాత ఫిబ్రవరిలో.

చవీ


నోంగ్‌పై
ఫిబ్రవరి 20

చవీ,

నీ ఉత్తరానికి నాలుగు నెలలుగా జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో ఈ ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది.

పోయిన సోమవారం కంఫాన్ మా ఇంటికి వచ్చాడు. ఎండలో నిలబడి మాట్లాడుతుంటే చూశాను, కళ్లలో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు. అతనికి తెలుసు. "నాకు తిరగబెట్టింది వదినా, మా వాడికి అప్పుడే చెప్పకు" అన్నాడు. చెప్పక్కర్లేకపోయింది, మీ బావ వెనకే ఉన్నాడు.

స్కాను సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కాలేయం నిండా ఉందట. మీ బావకు మాత్రం ఏమీ లేదన్నారు.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. మీ డాక్టరమ్మ మీటింగులో మెచ్చుకున్న ఆ లెక్క ఉందే, అది ఎందుకు తప్పదో నాకు నవంబరులోనే తెలుసు. కోతలప్పుడు అటక మీద బిస్కెట్ల డబ్బా తీసి చూస్తే నిండా మాత్రలు. రెండు సీసాలవీ అందులోనే. వ్యాను రాగానే ఇద్దరూ సీసాలు తెచ్చుకుని డబ్బాలో కుమ్మరించి, బాగా కలిపి, ఎవరికి వాళ్లు రోజుకు రెండు తీసుకుంటున్నారు. నెలాఖరున మిగిలినవి లెక్కపెట్టి సమంగా సీసాల్లో పోసి మీకు పంపుతున్నారు. కూర్చుని పంచుకుంటారు కాబట్టి లెక్క తప్పదు.

ఎప్పటినుంచి అంటే మీ బావ "కొన్నాళ్లయింది" అన్నాడు. ఎందుకంటే, కంఫాన్ అడిగాడట. సీసా పట్టుకొచ్చి మా మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట. "నాది సుద్ద అయితే ఎలా రా? భయమేస్తోంది. కలిపేసుకుందాం, ఇద్దరికీ సగమైనా దక్కుతుంది" అని. మీ బావ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన సీసా వంచేశాడు. "సియావ్ ఏడుస్తుంటే నా ఒక్కడికే అని దాచుకుని మింగమంటావా?" అని నా మీదే లేచాడు.

చవీ, ఆయనది నిజం సీసా. ఆయన మందులో సగం ఆ మనిషి తినేశాడు. తిని కూడా ఇలా అయ్యాడు. రేపు సగం మందుతో నెట్టుకొస్తున్న నా మొగుడి గతేమిటి? ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, నీతో చెబితే ఇద్దర్నీ తీసేస్తారని. ఇప్పుడు మూసుకోలేను. ఒక్క నెల, ఒక్క నెలైనా ఆయనకు మొత్తం నిజం మాత్రలే పడేలా చూడు. నువ్వు చూడకపోతే నేనే చూస్తాను. పట్నంలో మందుల షాపులో అడిగితే షుగరు మాత్రల షీటు ఒక్క మాట అడక్కుండా ఇచ్చాడు. బొడ్లో దోపుకుని తెచ్చాను.

అక్క


ఖోన్‌కేన్
ఫిబ్రవరి 23

అక్కా,

వ్యాను కోసం ఆగకుండా దీన్ని మనిషి చేత పంపుతున్నాను. ముందు ఆ షీటు తీసుకెళ్లి షాపువాడికి ఇచ్చెయ్. ఇవాళే. బావ సీసాలో నిజం మాత్రలే ఉంటే, వాటి మీద ఇవి కూడా పడితే రెట్టింపవుతాయి. కోసిన కాలేయం అది. క్యాన్సర్ చెయ్యలేని పని నీ ప్రేమ చేసేస్తుంది. దయచేసి.

మిగతాది రాయడానికి ఓపిక లేదు, అయినా రాయాలి. నీ ఉత్తరం చదివి మందుల గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. నీ మీద కోపం, వాళ్ల మీద కోపం, నా మీద అంతకన్నా కోపం. ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని. సియావ్‌లు ఇద్దరికీ చెరో సీసా వ్యానులో పంపి, ఎవరిది వాళ్లే తినండి అన్నాను. పళ్లెం ముందు కూర్చున్న మనిషి పక్కవాణ్ణి పిలవకుండా ముద్ద ఎత్తని ఊళ్లో! ఇది జరగదని ఎలా అనుకున్నాను? బ్యాంకాక్‌వాళ్లకు తెలియకపోతే తెలియదు. నాకు తెలియాలి.

పై వాళ్లకు చెప్పాను అక్కా. చెప్పక తప్పదు. ఈ మాత్ర పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఇంతమంది పొట్ట కోయించుకుని, రక్తం ఇచ్చి, సుద్ద కావచ్చని తెలిసీ మింగుతున్నారు. వాళ్లకు తప్పుడు జవాబు వస్తే ఆ పాపం నాది. డాక్టరమ్మ సీసాల లెక్కల పుస్తకం మూసింది. తరువాత, "ఒక్క మాత్ర తేడా లేదని నేనే చాటించాను కదూ" అంది. ఆ ఇద్దరి వివరాలు పక్కన పెడతారు. నీ భయం తీరేలా చెబుతున్నాను, మాత్రలూ పరీక్షలూ ఆపరు. బావకు స్కాన్లు ఎప్పటిలాగే చేస్తారు. కంఫాన్ పిత్తం బయటికి పోవడానికి గొట్టం వేస్తాం. నేను దగ్గరుండి చూస్తాను.

ఇకనుంచి ఎవరి సీసా వాళ్లది. బావకు చెప్పు.

బావది నిజం సీసా అని నువ్వు రెండుసార్లు రాశావు. నాకు తెలియదు. నీకూ తెలియదు.

చవీ


నోంగ్‌పై
ఏప్రిల్ 18

చవీ,

కంఫాన్ పదకొండో తారీఖున పోయాడు. కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు. ఊరంతా నీళ్లు చల్లుకునే రోజున మేము గుళ్లో కట్టెలు పేర్చాం.

షీటు వాపస్ ఇచ్చేశాను. మీ బావ మాత్రం నీ మాట వినలేదు. కంఫాన్ మింగగలిగినన్నాళ్లు డబ్బాలోవే ఇద్దరూ తిన్నారు. "చచ్చిపోతున్నవాడికి నీ సీసా నీది, నా సీసా నాది అని చెప్పి రమ్మంటావా?" అన్నాడు. చివరి వారం మాత్రలు నలిపి చెంచాతో పోశాడు.

నేను చెడ్డదాన్ని చవీ. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. శవం పెట్టె దగ్గర కూర్చుని అందరితోపాటు ఏడుస్తున్నాను, లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. నా మొగుడి సగం తినేసి పోయావు కదయ్యా అని. పయోమ్ వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. జుట్టు నిమిరాను. నిమురుతూ కూడా అదే అనుకున్నాను.

పరిశోధన అయ్యాక ఎవరి సీసాలో ఏముందో చెబుతారన్నావు. అది తెలిస్తే గానీ నాకు మనశ్శాంతి లేదు. ఆయన సగం పోయినందుకు ఇంకెన్నాళ్లు భయపడాలో, ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియాలి.

అక్క


ఖోన్‌కేన్
మరుసటి ఏడాది నవంబర్ 27

అక్కకు,

బీరువా తెరిచారు. జాబితా వచ్చింది.

ముందు పెద్ద సంగతి. ఆ పాత మాత్ర తిన్నవాళ్లకు రోగం కాస్త ఆలస్యంగా తిరగబెట్టినట్టు ఉంది. ఉన్నట్టు మాత్రమే ఉంది. మనుషులు తక్కువ, తేడా చిన్నది, అది యాదృచ్ఛికం కాదని చెప్పలేం. ఇంకా ఎక్కువ మందితో మళ్లీ చూడాలట. ఇన్నేళ్ల పని "ఇంకా తెలియదు" అన్న మాట దగ్గర ఆగింది. డాక్టరమ్మ కాగితం మడిచి, "మళ్లీ మొదలెడదాం" అంది. నేనూ సరేనన్నాను. ఏం చెయ్యను, వార్డు నిండా మనవాళ్లే.

ఇక నువ్వు అడిగింది. తెలుసుకోవాలని ఉందా, లేదా అని ప్రతి ఇంటికీ కాగితం పంపాం. బావ "వద్దు" దగ్గర గీత గీసి పంపాడు. పక్కన సొంత రాతతో, "ఇద్దరం కలిపే తిన్నాం, ఎవరిదైతే ఏం" అని రాశాడు. కాబట్టి ఆయన సీసా గురించి నేను నీకు చెప్పకూడదు, చెప్పను. నువ్వు మళ్లీ తిట్టుకున్నా సరే.

పయోమ్ మాత్రం "కావాలి" అంది. తనకు చదవడం రాదు కదా. ఉత్తరం లందువన్ అక్క చేతికి పంపండి, ఆవిడ చదివి పెడుతుంది అని రాయించింది. దీంతోపాటు అంటించిన కవరు ఉంది. అది ఆమె ఎదుటే విప్పు. లోపల ఏముందో నాకు తెలుసు. అందుకే ఒక మాట అడుగుతున్నాను, ఆ రోజు తొందరపడి ఏమీ అనకు.

చవీ


నోంగ్‌పై
డిసెంబర్ 6

చవీ,

కవరు పట్టుకుని పయోమ్ ఇంటికి వెళ్లాను. కళ్లంలో వడ్లు ఎండబోస్తోంది. చాప వేసి కూర్చోబెట్టి, "చదువక్కా" అంది. విప్పాను. నాలుగు వాక్యాలు ఉన్నాయి. మూడో వాక్యం దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి చూశాను. కంఫాన్‌కు ఇచ్చిన సీసాలన్నీ షుగరు మాత్రలవే.

నేను ఆగిపోతే పయోమే అంది. "నిజందే కదా?"

"నీకెలా తెలుసు?"

"మూడో రోజే తెలుసక్కా. నోట్లో మేకు పెట్టుకున్నట్టుందే అన్నాడు. రోజుకు నాలుగుసార్లు గట్టు వెనక్కి పరుగు. నన్ను పట్టుకుని గెంతులేశాడు, మనది నిజందే పిల్లా అని. సాయంత్రం మీ ఇంటికొచ్చి అన్నని అడిగాడంట, నీకెలా ఉందిరా అని. ఏముంది, మంచినీళ్లు తాగినట్టుంది అన్నాడంట అన్న. ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు."

"మరి ఏడ్చాడన్నారే, నాది సుద్దేమో అని?"

"ఏడవకపోతే అన్న ఒప్పుకునేవాడా? నాది నిజం, నీకు సగం ఇస్తానంటే చచ్చినా తీసుకోడు. అందుకే ఎదురు ఏడ్చాడు. నా సీసాలో సగం నువ్వు తిను అనడానికి, నీ సీసాలో సగం నాకు పెట్టరా అని అడుక్కున్నాడు. వ్యానులో వచ్చిన నర్సమ్మ అడిగితే కూడా నాకేం లేదన్నాడు."

చవీ, మీ బావకు ఇనుము రుచి తెలిసింది డబ్బాలో కలిపిన తరువాతే. కంఫాన్ మాత్రలు నోట్లో పడ్డాకే. ఆ చిన్న సంగతి కూడబలుక్కోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. బావ సీసా గురించి నువ్వు చెప్పకూడదన్నావు, చెప్పక్కర్లేదు.

"నీకు చెప్పే చేశాడా?" అన్నాను.

"నన్నడిగే చేశాడు. నెల పైన వద్దంటూనే ఉన్నాను, కాళ్లు పట్టుకున్నాను. ఒక రోజు మీ ఇంటి మీదుగా వెళ్తుంటే, నువ్వు మెట్ల మీద కూర్చుని అన్న గోళ్లు తీస్తున్నావు. ఇంటికొచ్చి సరే కలుపుకో అన్నాను."

"మరి నిజందే అని తెలిసి, ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు తెప్పించావు?"

"ఆయన పోయాక అనుమానమొచ్చిందక్కా. ఒట్టి కడుపునొప్పిని చూసి మురిసిపోయాడేమో, ఇచ్చింది సుద్దేనేమో అని. నిజందే ఇచ్చాడని తెలియాలి కదా నాకు."

నీ మాట గుర్తుండి తొందరపడి ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఆగలేక అడిగేశాను, మా మీద కోపం లేదా అని. ఆమె వడ్లు సర్దుతూనే చెప్పింది.

"ఎందుకు లేదు? అన్న గట్టు మీద నడిచొస్తుంటే కొన్ని రోజులు కడుపు రగిలిపోతుంది. మొత్తం తిని ఉంటే మా ఆయనే అలా నడిచేవాడేమో అనిపిస్తుంది. మా పొలం పని కూడా చేసి మధ్యాహ్నం మెట్ల దగ్గరికొచ్చి నిలబడతాడు. కోపం కోపంగానే ఉంటుందక్కా, అన్నం పెడతాను."

మొత్తం తిన్నా కంఫాన్ బతికేవాడో లేదో తెలియదని, సగం తినడం వల్లే మీ బావ ఉన్నాడో లేదో కూడా తెలియదని, నువ్వు రాసిందంతా చెప్పాను. ఆమె విని తల ఊపింది, అంతే. నేను కూడా ఆమెకు ఒకటి చెప్పుకున్నాను. పెట్టె దగ్గర కూర్చుని లోపల ఏమనుకున్నానో అంతా చెప్పేశాను. చేతులు దులుపుకుని నా పక్కన వచ్చి కూర్చుంది.

వచ్చేటప్పుడు ఒకటే మాట తీసుకుంది. "అన్నకు చెప్పకక్కా. తెలిస్తే తట్టుకోలేడు. మా ఆయన అంత ఏడ్చింది ఊరికే పోతుంది." సరేనన్నాను.

నిన్న కొత్త బియ్యం దానం ఇవ్వడానికి గుళ్లో అందరం కలిశాం. ఎవరో కంఫాన్ మాట ఎత్తారు. మీ బావ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు: "పాపం, వాడు చాలా భయపడ్డాడు. నా మాత్రల్లో సగం వాడికే పెట్టాను. దక్కించుకోలేకపోయాను." ఎంత మంచి సియావ్‌వయ్యా నువ్వు అని పెద్దలంతా ఆయన వీపు నిమిరారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పయోమ్ ఎదురుగానే ఉంది. ఆయన గిన్నెలో ఇంకొంచెం కూర వేసి, "అవునన్నా, నీ సగం తినే అన్ని నెలలైనా ఉన్నాడు" అంది.

అక్క